ఎరుపు వేరు, ఘాటు వేరు

ఎండలు ముదరకముందే కరీంనగర్ పల్లెల్లో ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే పని మొదలవుతుంది. కాయలను వాకిట్లో ఎండబోసి, ముచ్చికలు తీసి, గిర్నీకి పంపే ముందు ఇంటి పెద్దామె ఒక లెక్క వేస్తుంది: ఇన్ని కిలోలు తేజ, ఇన్ని కిలోలు దొడ్డుకాయ. ఒక్క రకమే పట్టిస్తే పోదా అంటే పోదు. తేజ ఒక్కటే అయితే కూర నోట పెట్టలేం. దొడ్డుకాయ ఒక్కటే అయితే కూర చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడుతుంది కానీ, కారం తినే నోటికి చప్పగా తోస్తుంది. రెండూ కలిస్తేనే ఆ ఇంటి కారం.

ఈ లెక్క వెనక మంచి జీవరసాయనం ఉంది. కాయ ఎర్రగా ఉంటే కారంగా ఉంటుందని మనందరికీ లోలోపల ఒక నమ్మకం. హోటల్లో ఎర్రటి కూర కంటపడితే నీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకుంటాం. నిజానికి మిరపకాయలో ఎరుపు తయారయ్యే చోటు వేరు, ఘాటు తయారయ్యే చోటు వేరు. వాటి ముడిసరుకూ వేరే, వాటిని నడిపించే జన్యువులూ వేరే. ఒకటి పెరిగితే రెండోది పెరగాలన్న నియమమేమీ లేదు. దీనికి మన చేలలోనే పండుతున్న సాక్ష్యం చపాటా మిర్చి.

టమాటాలాంటి మిర్చి

తేజ కాయ సన్నగా, కొసదేరి ఉంటుంది. చపాటా పొట్టిగా, బొద్దుగా, ముచ్చిక దగ్గర వెడల్పుగా ఉంటుంది. పండినప్పుడు చూస్తే టమాటా గుర్తొస్తుంది. అందుకే దీనికి టమాటా మిర్చి అన్న పేరూ ఉంది. మార్కెట్లో సింగిల్ పట్టి, డబుల్ పట్టి అని రకాలు చెబుతారు. తోలు మందం, ఎరుపు గాఢం, ఘాటు తక్కువ. ఈ మూడు గుణాలూ ఒకే కాయలో కుదరడమే దీని ప్రత్యేకత.

2025లో ‘వరంగల్ చపాటా మిర్చి’కి భౌగోళిక గుర్తింపు దక్కింది. తెలంగాణ నుంచి ఆ గుర్తింపు పొందిన వాటిలో ఇది 18వది. దరఖాస్తు పెట్టుకున్నది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల సంస్థ. సాంకేతికంగా తోడు నిలిచింది కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, మహబూబాబాద్ జిల్లా మల్యాలలో ఉన్న దాని పరిశోధన కేంద్రం. వరంగల్, హనుమకొండ, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు దీని పరిధిలోకి వస్తాయి.

పేరు వరంగల్‌దే అయినా ఈ కథలో కరీంనగర్‌కు వాటా ఉంది. చపాటా చరిత్ర చెప్పేవాళ్లు నడికూడ, జమ్మికుంట ప్రాంతం దగ్గర మొదలుపెడతారు. అక్కడ సుమారు 80 ఏళ్లుగా ఇది సాగులో ఉందంటారు. జమ్మికుంట నేటికీ కరీంనగర్ జిల్లాలోనే ఉంది. నడికూడకు దగ్గరి పట్టణమైన పరకాల 1905 నాటి మార్పుల్లో వరంగల్ నుంచి కరీంనగర్‌లో కలిసిన తాలూకా. భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్, కాటారం మండలాలు 2016 దాకా కరీంనగర్‌వే. గోదావరి దాటి పాత ఆదిలాబాద్‌లో అడుగుపెడితే చెన్నూరు, కోటపల్లి వైపు ప్రాణహిత ఒడ్డు భూముల్లోనూ మిరప చేలు కనిపిస్తాయి. ఈ నేల మీద మిర్చి కొత్తగా వచ్చిన వాణిజ్య పంట మాత్రమే కాదు, ఇంటి పెరట్లో, చేను గట్టున తరతరాలుగా ఉన్నదే. కాకపోతే మిరప పుట్టిల్లు మెక్సికో, దక్షిణ అమెరికా. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరి ఇంకా 550 ఏళ్లు కూడా కాలేదు. అంతకు ముందు మన వంటల్లో ఘాటంటే మిరియాలు, పిప్పళ్లే.

కాయను చీల్చి చూస్తే

పండిన చపాటా కాయ ఒకటి తీసుకుని నిలువునా చీల్చండి. బయట మందపాటి ఎర్ర కండ. లోపల ఖాళీ. ఆ ఖాళీలో ముచ్చిక దగ్గర్నుంచి కిందికి దిగే మెత్తటి తెల్ల కండ, దాని నుంచి గోడల వెంట పాకే సన్నటి ఈనెలు. గింజలన్నీ ఈ తెల్ల కండకే అతుక్కుని ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అండన్యాసస్థానం అంటారు.

ఇప్పుడు కాయ కొస దగ్గరి ఎర్ర కండను గోరంత తుంచి నాలుక మీద పెట్టుకోండి. కాస్త తీపి, కాస్త పులుపు, పచ్చి కూరగాయ వాసన తగులుతాయి. కాసేపాగి తెల్ల కండను గోరంత తుంచి నోట్లో వేసుకోండి. ఒకే కాయలో రెండు లోకాలున్నాయని అప్పుడు తెలుస్తుంది. కారం తక్కువని పేరున్న చపాటాలో కూడా ఆ తెల్ల కండ చురుక్కుమంటుంది.

మిరప ఘాటుకు మూలమైన పదార్థం కాప్సైసిన్. 1876లో బ్రిటిష్ రసాయనవేత్త జాన్ థ్రెష్ దానికి ఆ పేరు పెట్టాడు. 1919లో నెల్సన్ అనే అమెరికన్ రసాయనవేత్త దాని నిర్మాణాన్ని తేల్చాడు. ఇది తయారయ్యేది తెల్ల కండ పైపొర కణాల్లో. తయారైన కాప్సైసిన్ ఆ పొర కిందే సన్నటి పొక్కుల్లో నూనెలా నిలవ ఉంటుంది. గింజల్లోనే కారమంతా ఉందని చాలామంది అంటుంటారు. గింజ దాన్ని తయారుచెయ్యదు. పొక్కులు చిట్లినప్పుడు పక్కనే ఉంది కాబట్టి పూసుకుంటుంది, అంతే. ఎండిన కాయను కసిబిసిగా నలిపితే ఆ ఘాటు ఎర్ర తోలుకూ అంటుకుంటుంది. గిర్నీలో పట్టించిన కారంలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

పిందె కట్టిన సుమారు 20 రోజులకు కాప్సైసిన్ తయారీ అందుకుంటుంది. 40 నుంచి 50 రోజుల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. తయారీకి రెండు దారులు. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒక ముక్క వస్తుంది, వాలిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి కొవ్వు తోక వస్తుంది. చివర్లో ఒక ఎంజైము ఈ రెంటినీ జోడిస్తుంది. ఆ ఎంజైముకు సంబంధించిన పన్1 అనే జన్యువును 2005లో గుర్తించారు. మనం సిమ్లా మిర్చి అని పిలిచే క్యాప్సికంలో ఈ జన్యువులోంచి ఒక పెద్ద ముక్క ఊడిపోయింది. రెండు ముక్కలూ జోడించే ఎంజైము లేక దానిలో ఘాటు సున్నా అయింది.

చపాటా సంగతి అలా కాదు. దానిలో ఘాటు ఉంది, తక్కువగా ఉంది. ఘాటు ఉంటుందా లేదా అన్నది ఒక జన్యువు తేల్చినా, ఎంత ఉంటుందన్నది అనేక జన్యువులూ, నేలా, నీళ్లూ, ఎండా కలిసి తేలుస్తాయి. కాయ రూపానికీ ఇందులో పాత్ర ఉంది. ఎర్ర కండ మందంగా ఉండి, దానితో పోలిస్తే తెల్ల కండ కొద్దిగా ఉంటే, కిలో పొడిలో ఘాటు ఆ మేరకు పలచబడుతుంది. నీటి ఎద్దడి తగిలిన చెట్టు కాయలు ఎక్కువ కారంగా రావడం మామూలే. ఒకే చేనులో, ఆ మాటకొస్తే ఒకే చెట్టు మీద, రెండు కాయలు రెండు రకాలుగా ఉండటంలో వింతేమీ లేదు.

పక్క చేనులో తేజ వేస్తే చపాటా కారంగా మారిపోతుందా? మిరప పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. అయినా తేనెటీగలు పుప్పొడి మోసుకు తిరుగుతాయి కాబట్టి సంకరం కూడా గణనీయంగానే జరుగుతుంది. అయితే ఎర్ర కండా, తెల్ల కండా తల్లి చెట్టువే. ఈ ఏటి కాయ రుచి మారదు. మారేది గింజలోని పిండం. ఆ గింజలను దాచి వచ్చే ఏడు నాటితే అప్పుడు బయటపడుతుంది. కాయలు సన్నబడి, ఘాటు పెరిగి, రూపం చెదిరిపోతుంది. సొంత విత్తనం మీద నడిచే రకానికి ఇదే అసలు గండం. విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు మిరపలో ధ్రువీకృత విత్తనానికి 200 మీటర్లు, మూల విత్తనానికి 400 మీటర్ల ఎడం ఉండాలనడానికి కారణం ఈ తేనెటీగల ప్రయాణమే.

ఘాటు రుచి కాదు, మంట

తీపి, పులుపు, ఉప్పు, చేదులను పట్టేవి నాలుక మీది రుచి మొగ్గలు. కారాన్ని పట్టేవి అవి కావు. శరీరం వేడిని గుర్తించడానికి నరాల కొసల్లో పెట్టుకున్న ఒక ప్రోటీన్ ఉంది, దాని పేరు ట్రిప్‌వి1. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని మెదడుకు కాలుతోందన్న కబురు పంపుతుంది. కాప్సైసిన్ అణువు అదే ప్రోటీన్‌లో ఇమిడిపోయి, వేడి లేకుండానే దాన్ని తెరుస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ సంగతి బయటపెట్టింది. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

వేడివేడి మిర్చి బజ్జీ కొరికి, పొగలు కక్కే చాయ్ తాగితే నోరు రెట్టింపు మండటానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. ఒకే ప్రోటీన్‌ను కాప్సైసిన్ ఒకవైపు, చాయ్ వేడి ఒకవైపు తడుతున్నాయి. నీళ్లు తాగినా మంట పోదు, ఎందుకంటే కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు. చల్లటి పెరుగు, మజ్జిగ, పాలు పనిచేస్తాయి. పాలలోని కేసిన్ ప్రోటీన్ కాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది, చల్లదనం ట్రిప్‌వి1ను శాంతపరుస్తుంది. కారం తిన్నాక పెరుగన్నంతో ముగించే మన భోజన క్రమం అంగిటికి తెలిసి పెట్టినట్టే ఉంటుంది.

పక్షుల్లోని ట్రిప్‌వి1కు మాత్రం కాప్సైసిన్ తగలదు. చిలకలు, పిట్టలు పండు మిరపకాయలను హాయిగా తింటాయి. గింజలను నమలవు కాబట్టి అవి చెడకుండా దూరంగా పడి మొలుస్తాయి. పళ్లతో గింజలు నమిలేసే ఎలుకలాంటి జంతువులు మాత్రం మంటకు దూరంగా పోతాయి. 2001లో టెక్స్‌బరీ, నబాన్ అనే శాస్త్రవేత్తలు అడవి మిరప మీద చేసిన పరిశీలనలతో ఈ లెక్క తేలింది. మిరప మొక్కకు ఘాటు ఎందుకు పనికొచ్చిందో అలా తెలిసింది. మనుషులు సాగు మొదలుపెట్టాక గింజ నాటేది మనమే అయ్యాం. ఇక ఘాటు ఉండి తీరాలన్న అవసరం మొక్కకు పోయింది. చపాటా, సిమ్లా మిర్చి లాంటి నెమ్మది కాయలు అడవిలో ఆట్టే నిలవవు, మన చేలలో మాత్రం రాణిస్తాయి.

ఘాటును కొలవాలన్న ఆలోచన 1912లో అమెరికన్ ఔషధ నిపుణుడు విల్బర్ స్కోవిల్‌కు వచ్చింది. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్ల నాలుకకు మంట తెలియకుండా పోయే చోట ఆగాడు. ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో అదే ఆ మిరప లెక్క. ఇప్పుడు యంత్రాలతో కాప్సైసిన్‌ను నేరుగా కొలిచి, అదే లెక్కలోకి మారుస్తారు. శుద్ధ కాప్సైసిన్ 1 కోటి 60 లక్షలు. సిమ్లా మిర్చి సున్నా. మన తేజ మామూలుగా లక్షకు చేరువలో తిరుగుతుంది. గుంటూరు సన్నం దానికి సగం లోపు. చపాటా వీటన్నిటికీ దిగువన ఉంటుంది.

ఎరుపుకు వేరే కార్ఖానా

పచ్చి కాయ పచ్చదనం పత్రహరితానిది. పండే వేళ ఆ పత్రహరితం విరిగిపోయి, అవే కణ భాగాలు కెరోటినాయిడ్లతో నిండుతాయి. వీటిలో మిరపకు గుర్తింపునిచ్చేవి కాప్సాంథిన్, కాప్సొరూబిన్ అనే రెండు ఎర్ర వర్ణకాలు. ఇవి తయారయ్యేది బయటి ఎర్ర కండలో. వీటి దారి కాప్సైసిన్ దారికి ఎక్కడా కలవదు: ఐసోప్రిన్ ముక్కలు వరసగా అతుక్కుని పొడవాటి గొలుసై, చివరి మెట్టులో ఒక ప్రత్యేక ఎంజైము వాటిని ఎరుపు వైపు తిప్పుతుంది. పండినా పసుపుగానే ఉండే మిరప రకాల్లో చాలావరకు ఆ చివరి ఎంజైము పనిచేయని రకాలే. వాటి ఘాటుకు దీంతో నిమిత్తం లేదు. పసుపుగా ఉండి మండే కాయలున్నాయి, ఎర్రగా ఉండి చల్లగా ఉండే కాయలున్నాయి.

ఎరుపుకూ ఒక కొలత ఉంది. దాన్ని అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్ పేరు మీద ఆస్టా అంటారు. పొడిని ఆసిటోన్‌లో నానబెట్టి రంగు లాగి, ఆ ద్రావణం 460 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూస్తారు. మిర్చి ఎగుమతిదారుడి దగ్గర ఒక్కో సరుకుకు స్కోవిల్ లెక్క ఒకటి, ఆస్టా లెక్క ఒకటి వేర్వేరుగా ఉంటాయి. కర్ణాటకలో హావేరి జిల్లా బ్యాడగి మిర్చి, మన చపాటా, ఈ రెండో లెక్కతో బతికే రకాలు.

కెరోటినాయిడ్లు సున్నితమైనవి. వెలుతురు, గాలి, వేడి మూడూ వాటికి శత్రువులే. కల్లంలో ఎక్కువ రోజులు నడి ఎండలో పడి ఉన్న కాయ పాలిపోతుంది. తడి ఆరకముందే కుప్ప పోస్తే బూజు పట్టి తెల్లబారి తాలుకాయ అవుతుంది, మార్కెట్లో దాన్ని వేరే తీసి తక్కువ ధర కడతారు. చపాటా తోలు మందం కాబట్టి లోపలి తడి ఆరడానికి సమయం పడుతుంది. అందువల్ల పలచగా పరిచి, తిప్పుతూ ఆరబెట్టడంలో ఓపిక కావాలి. వేసవిలో ధర రాని సరుకు చల్లటి గిడ్డంగిలో పెట్టడానికి కారణం పురుగు బెడద ఒక్కటే కాదు, చలువ చీకటిలో రంగు దిగిపోకుండా నిలుస్తుంది.

వాసన సంగతి

ఘాటు, రంగు పోగా మిగిలేది రుచి, అంటే ముఖ్యంగా వాసన. కారం ఎక్కువైన చోట ముక్కు పనిచేయడం తగ్గుతుంది. మంట మెదడును అంత గట్టిగా పట్టేస్తుంది. అందుకే తేజ వాసన ఎలా ఉంటుందని అడిగితే చెప్పడం కష్టం, చపాటాది చెప్పవచ్చు.

పచ్చి మిరప వాసనకు ముఖ్య కారణం ఒక మెథాక్సీపైరజిన్. అమెరికాలో బటరీ బృందం 1969లో దీన్ని సిమ్లా మిర్చి నుంచి గుర్తించింది. నీటిలో లక్ష కోట్ల వంతుల్లో రెండు వంతులున్నా మన ముక్కు పసిగడుతుంది. అంత చిన్న మోతాదుకు స్పందించే వాసనలు అరుదు. కాయ పండుతున్న కొద్దీ ఇది తగ్గి, చక్కెరలు పెరిగి, పళ్ల వాసనలు తోడవుతాయి. ఎండబెట్టినప్పుడు మరో మార్పు: కెరోటినాయిడ్లు కొన్ని విరిగి పూల వాసనలూ, ఎండు గడ్డి వాసనలూ ఇస్తాయి. నూనెలో గానీ, పెనం మీద గానీ వేయించినప్పుడు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి కమ్మటి వేపుడు వాసన పుడుతుంది. పచ్చిపులుసు కోసం పచ్చిమిరపకాయలను నిప్పుల మీద కాల్చడం ఈ వాసన కోసమే. చింతపండు రసంలో ఉడకబెట్టకుండానే ఆ పులుసుకు లోతు వచ్చేది కాలిన తోలు నుంచే.

వంటింటి రసాయనం

కారం తక్కువ కాయను కూరగాయలా తినవచ్చు. ఈ ఒక్క గుణం వంట దారులనే మార్చేస్తుంది. మంట ఎక్కువైన కాయను చిటికెల్లో వాడాలి, అది మసాలా. మంట తక్కువైన కాయను పిడికిళ్లతో వాడవచ్చు, అది కూరగాయ. పండుమిర్చి తొక్కు పెట్టేటప్పుడు ఈ తేడా కళ్లకు కడుతుంది.

తొక్కుకు నిండుగా పండిన, మచ్చలేని కాయలు ఏరుకోవాలి. ముచ్చికతోనే కడిగి, గుడ్డ మీద పూర్తిగా తడారనిచ్చి, ఆ తర్వాతే ముచ్చిక తీయాలి. ముందే తీస్తే ఆ సందులోంచి నీళ్లు కాయ లోపలికి పోయి తొక్కు చెడుతుంది. కాయలను రోట్లో వేసి రాళ్ల ఉప్పు, చింతపండుతో కచ్చాపచ్చాగా దంచి జాడీలో మూడు రోజులు ఊరనిస్తారు. ఉప్పు కాయ కణాల్లోంచి నీళ్లు లాగుతుంది, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ తడిని పుల్లగా మారుస్తుంది. ఉప్పు, పులుపు కలిసిన చోట చెడగొట్టే సూక్ష్మజీవులు నిలవవు. తర్వాత మెంతిపొడి, ఎల్లిపాయ కలిపి మెత్తగా నూరి, నూనె పోపు పెడతారు. ఆ నూనె తొక్కు మీదుగా దిగుతూ కాప్సాంథిన్‌ను పీల్చుకుని ఎర్రబడుతుంది. పైన తేలిన నూనె గాలిని అడ్డుకుంటుంది. చపాటా మందపాటి కండ దంచితే గుజ్జు చిక్కగా వస్తుంది, అన్నంలో రెండు ముద్దలు కలుపుకుని తినవచ్చు. అదే తొక్కు తేజతో పెడితే చింతపండుతో నింపి మంటను తగ్గించాలి, అప్పుడది మిర్చి వాసన పోయిన చింతపండు తొక్కు అవుతుంది.

పొడి కారం విషయంలో మొదటి సూత్రం నూనె. రంగూ, ఘాటూ రెండూ నూనెలో కరిగేవే. కూర చివర్లో నీళ్లలో వేసిన కారం పైన తేలి గరుగ్గా ఉంటుంది. నూనెలో వేస్తే రంగు పరుచుకుంటుంది. అయితే పొగలు వస్తున్న నూనెలో వేస్తే క్షణాల్లో మాడి, ఎరుపు గోధుమ రంగుకు తిరిగి, చేదెక్కుతుంది. పొయ్యి తగ్గించి, నూనె వేడి దిగాక కారం వేసి వెంటనే నీళ్లో, టమాటానో తగిలించడం అనుభవజ్ఞులకు అలవాటు. మామిడికాయ ఆవకాయకు రంగు కోసం చపాటా లాంటి కాయ కారం వాడటం, నూనెను చల్లార్చి పోయడం, రెండూ ఈ లెక్కకు సరిపోతాయి. ఆవకాయ ఏడాది పొడవునా ఎర్రగా ఉండాలంటే వేడికి ఓర్వని ఆ వర్ణకాన్ని మొదటి రోజే మాడ్చకూడదు.

ఆదిలాబాద్ వైపు జొన్నరొట్టెతో తినే ఎల్లిపాయ కారం కూడా ఇలాగే. నూరిన కారంలో కొద్దిగా పచ్చి నూనె వేసి కలిపితే పొడి పొడిగా గొంతుకు తగలకుండా రొట్టె ముక్కకు అంటుకుంటుంది. రొట్టెతో పాటు నంజుకునేది కారమే అయినప్పుడు, ఆ కారం మంటతో తరిమేసేదిగా ఉండకూడదు, రొట్టె పూర్తయ్యేదాకా తినగలిగేదిగా ఉండాలి.

బజ్జీ మిర్చి పచ్చి దశలో తినే మరో నెమ్మది రకం. పొడవుగా, లేత ఆకుపచ్చగా ఉండే ఆ కాయను నిలువుగా చీల్చి గోరుతో తెల్ల కండా, గింజలూ గీకి, వాము కలిపిన చింతపండు గుజ్జు పూసి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. ఆ గోటి పనే హంగరీలో ఒక పరిశ్రమకు పునాది వేసింది. 19వ శతాబ్దంలో సెగెడ్ ప్రాంతపు మిల్లులు ఘాటు తగ్గించడానికి కాయల్లోంచి ఈనెలనూ గింజలనూ తీసి పొడి కొట్టేవి. 1920లలో కలోచలో ఫెరెన్స్ హోర్వాత్ ఘాటు లేని రకాన్నే పెంచి ఆ శ్రమ తప్పించాడు. అదే సెగెడ్‌లో ఆల్బర్ట్ సెంట్-జార్జి మిరపకాయల నుంచి విటమిన్ సి పెద్ద మొత్తంలో తీసి, 1937లో నోబెల్ అందుకున్నాడు. నెమ్మది మిరప పోషక పరంగా విలువైనది కూడా అందుకే: తాజాగా, ఎక్కువగా తినగలం. ఎండబెట్టాక విటమిన్ సి చాలావరకు పోతుంది, ఎరుపు మాత్రం మిగులుతుంది. కాయలోని బీటా కెరోటిన్ శరీరంలో విటమిన్ ఎ అవుతుంది, కాప్సాంథిన్ కాదు. ఎంత ఎర్రగా ఉంటే అంత విటమిన్ ఎ అనుకుంటే మళ్లీ రంగు చేతిలో మోసపోయినట్టే.

రంగుకు ధర

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో జెండా పాట పలికే ముందు ఖరీదుదారు బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి చూసేది రంగు, తడి, తాలు. కాయను విరిచి చప్పుడు వింటాడు. కారం రకాలకు ఘాటే ప్రాణం. రంగు రకాలకు కొనుగోలుదారులు వేరు. కాయల నుంచి ద్రావకంతో రంగును లాగి తీసే ఓలియోరెసిన్ కార్ఖానాలు, సాసులు, మాంసాహార ఉత్పత్తులు, సౌందర్య సాధనాలు తయారుచేసే పరిశ్రమలు ఎరుపు కోసం మిర్చి కొంటాయి. వాటికి మంట అక్కర్లేదు, కొన్నిసార్లు మంట అడ్డం కూడా. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉన్న సరుకు వాటికి అనువు.

2021-22లో త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల మిరప చేలను దెబ్బతీసింది. పూతలోనే దాడి చేసే ఈ పురుగు వల్ల సరుకు తగ్గింది. 2022 మార్చికల్లా ఎనుమాములలో దేశీ రకం మిర్చి క్వింటాలు 50 వేల రూపాయలు దాటింది. ఆ రోజుల్లో తులం బంగారం ధర అంతే. చేలు దెబ్బతిన్న రైతులకు ఆ ధర అందలేదు, పంట నిలిచిన కొద్దిమందికే అందింది.

రంగుకు ధర ఉన్నచోట రంగు దొంగలూ ఉంటారు. 2003లో ఫ్రాన్స్‌లో భారతదేశం నుంచి వచ్చిన కారంలో సూడాన్ 1 అనే పారిశ్రామిక రంగు బయటపడింది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారం వాడిన వందలాది ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఇళ్లలో చేసే పరీక్ష ఒకటుంది: గ్లాసు నీళ్ల మీద చిటికెడు కారం చల్లి చూడటం. నీటిలో కరిగే రంగు కలిపి ఉంటే ఎర్రటి చారలు కిందికి దిగుతాయి. అసలు మిరప రంగు నీటిలో కరగదు కాబట్టి అలా దిగదు. అయితే సూడాన్ కూడా నూనెలో కరిగేదే, నీటి పరీక్షకు దొరకదు. దాన్ని ప్రయోగశాలే పట్టగలదు. నెమ్మది కారంలో ఎరుపు సహజంగా గాఢంగా ఉంటుంది కాబట్టి, ఎరుపు కొట్టొచ్చినట్టు ఉన్న పొడి అంతా కల్తీ అనుకోవడమూ పొరపాటే. ఎక్కడి కాయ, ఏ రకం అన్నది తెలిసిన చోట కొనడమే మేలు. ఇంట్లో పట్టించుకునేవాళ్లకు ఆ చింత లేదు.

మిరపను ఒక్క కారం తూకంతో తూచే అలవాటు వల్ల నెమ్మది రకాలు లోపమున్న కాయలుగా ముద్రపడ్డాయి. తేజకు స్కోవిల్ లెక్క ఎంతో చపాటాకు ఆస్టా లెక్క అంత. రెండూ మిరప గుణాలే, రెంటికీ వంటింట్లో వేరువేరు పనులున్నాయి. కారం డబ్బా మీద ఈ రెండు అంకెలూ అచ్చువేస్తే కొనేవాడికి ఏది ఎంత కలుపుకోవాలో తెలుస్తుంది. గిర్నీ దగ్గర పెద్దామె వేసే లెక్క అంకెల్లోకి వస్తుంది.

భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది, గుణాన్ని కాదు. గుణం గింజలో ఉంటుంది. జమ్మికుంట, పరకాల వైపు రైతు విత్తనానికి వదిలే నాలుగు చపాటా చెట్లను తేజ చేనుకు ఎంత ఎడంగా పెట్టుకుంటాడన్న దాని మీదే మరో పదేళ్లకు మన తొక్కు రంగూ, రుచీ ఆధారపడి ఉంటాయి. ఆ 200 మీటర్లు ఒక్క రైతు కమతంలో కుదరకపోవచ్చు. ఊరంతా కలిసి విత్తనపు చేను ఒకటి విడిగా పెట్టుకుంటే కుదురుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు గుర్తింపు తెచ్చుకున్నాక చేయాల్సిన మొదటి పని అదే.